డెంగీ జ్వరం – రక్తం చెప్పిన రెండు లెక్కలు

మన సొసైటీ కార్యదర్శిగారు ఈ సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాసి ఇమ్మని అడిగినప్పుడు, ఏ కోట మీదనో, ఏ పాత మదరసా మీదనో వ్రాస్తాననుకొని ఉంటారు. నేను ఉర్దూ మీడియం బడిలో సాంఘికశాస్త్రం చెప్పుకొనేవాణ్ణి. డాక్టరును కాను. తెలుగు నేను వీధిలోనూ, బజారులోనూ నేర్చుకొన్న భాష. ఎక్కడైనా తడబడితే పెద్దలు సరిదిద్దుకొని చదువుకోవాలి. ఐతే ఈ ఏడు నేను ఎంచుకొన్నది రాజుల చరిత్ర కాదు, ఒక జ్వరం చరిత్ర. ఆ జ్వరంతో ఆసుపత్రిలో పడివున్న మనిషి రక్తాన్ని చూచి, ప్రమాదం ఏ గంటలో ముంచుకొస్తుందో చెప్పడం వైద్యులు ఎట్లా నేర్చుకొన్నారన్నదే ఈ వ్యాసం.

దీనికి కారణం ఒక తండ్రి. మా బడిలో ఏడవ తరగతి చదివే అమ్మాయి మూడేళ్ళ క్రిందట వానకాలంలో డెంగీ జ్వరంతో ఒక ఆసుపత్రిలో చేరింది. రెండవ రోజున జ్వరం దిగింది. అమ్మాయి గండం గడిచిందని వాళ్ళమ్మ అల్లాకు శుక్ర్ చేసుకొని, ఇంటి దగ్గర చిన్నపిల్లలకు మిఠాయి పంచమని కూడా చెప్పిందట. నాలుగవ రోజు తెల్లవారుజామున అమ్మాయి పోయింది. చాలీస్వాఁ అయిన తరువాత ఆ తండ్రి ఒక ప్లాస్టిక్ సంచి పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. ఆయన ఆటో నడుపుతాడు. సంచిలో రక్త పరీక్షల కాగితాలు. "మాస్టర్ సాబ్, వీటిలో ఏమి వ్రాసి ఉందో చదివి చెప్పండి, జ్వరం తగ్గినాక పిల్ల ఎట్లా పోయింది?" అని అడిగాడు. ఆ రోజు నేను ఏమీ చెప్పలేకపోయాను. చాయ్ ఇచ్చి పంపించాను. కాగితాలు మాత్రం నా దగ్గరే పెట్టుకొన్నాను.

మన సొసైటీ రక్తదాతల పుస్తకం సంగతి మీ అందరికీ తెలిసినదే. వానలు ముదిరేసరికి ఆ పుస్తకం చూచుకొనే కుర్రవాళ్ళ ఫోనుకు తీరిక ఉండదు. "భాయ్, ప్లేట్‌లెట్లు ముప్ఫై వేలకు పడిపోయాయి, బి పాజిటివ్ వాళ్ళు కావాలి, వెంటనే రావాలి" – ఇదే మాట. ఆ అమ్మాయికి కూడా మన పుస్తకంలోని ఇద్దరు యువకులు అర్ధరాత్రి వెళ్ళి ఇచ్చి వచ్చారు. వాళ్ళ రుణం తీరేది కాదు. కాని కాగితాలు చూడండి. మొదటి రోజు ప్లేట్‌లెట్లు 1,10,000. రెండవ రోజు 62,000. మూడవ రోజు 31,000. ఈ మూడు అంకెల చుట్టూ ఎవరో ఎర్ర కలంతో సున్నాలు చుట్టారు. అదే కాగితాల మీద, కొంచెం పైన, పి.సి.వి. అని ఇంకొక వరుస ఉన్నది. దానిలో మొదటి రోజు 36, రెండవ రోజు 41, మూడవ రోజు 46. దాని చుట్టూ సున్నా లేదు.

ఈ రెండు వరుసల చరిత్రే నేను చెప్పబోయేది.

డెంగీ కొత్త రోగం కాదు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో 1780లో వచ్చిన ఇటువంటి జ్వరాన్ని బెంజమిన్ రష్ అనే వైద్యుడు వర్ణించి, ప్రజలు దీనిని ఎముకలు విరిచే జ్వరమని పిలుస్తున్నారని వ్రాశాడు. మన ఉర్దూలో హడ్డీ తోడ్ బుఖార్ అని అంటాము గదా, సరిగ్గా అదే మాట. సముద్రాల ఆవల ఇద్దరికీ ఒకే మాట తోచిందంటే నొప్పి ఎంతటిదో తెలుసుకోవచ్చు. 1906లో ఆస్ట్రేలియాలో బాంక్రాఫ్ట్ అనే వైద్యుడు ఇది పగటిపూట కుట్టే ఏడిస్ దోమ వల్ల వస్తుందని చూపాడు. ఆ మరుసటి సంవత్సరం ఫిలిప్పీన్స్‌లో ఆష్‌బర్న్, క్రెయిగ్ అనే ఇద్దరు సైనిక వైద్యులు, దీని విషక్రిమి సూక్ష్మదర్శినికి కూడా అందనంత చిన్నదని, వడపోత నుండి కూడా జారిపోతుందని నిరూపించారు. రెండవ ప్రపంచయుద్ధం నడుమ, 1943లో, జపాన్‌లో హోత్తా, కిమురా ఆ వైరస్‌ను పట్టగలిగారు. అమెరికా సైన్యం తరఫున ఆల్బర్ట్ సేబిన్ కూడా పట్టాడు. పోలియో చుక్కల మందు కనిపెట్టిన సేబిన్ ఈయనే.

ఇన్నేళ్ళ చరిత్రలో గమనించవలసినది ఒకటున్నది. అప్పటివరకు దీనిని ప్రాణాంతకమైన జ్వరంగా చాలామంది వైద్యులు లెక్కవేయలేదు. వారం రోజులు ఒళ్ళు హూనం చేస్తుంది, తరువాత వెళ్ళిపోతుంది. సైన్యాలు దీనికి భయపడింది కూడా చావులకు కాదు, ఒకేసారి వందలమంది సిపాయిలు మంచాన పడతారని.

1954లో మనీలా నగరంలో లెక్క మారింది. చిన్నపిల్లలకు జ్వరం వస్తున్నది, ఒంటిమీద ఎర్రని చుక్కలు, ముక్కునుండి రక్తం, కొందరికి నల్లని విరేచనం, ఆ తరువాత కాళ్ళూ చేతులూ చల్లబడి ప్రాణం పోతున్నది. 1956లో మళ్ళీ పెద్దయెత్తున వచ్చింది. విలియం హామన్ అనే పరిశోధకుడు ఆ పిల్లల రక్తంలో అంతకుముందు తెలియని రెండు కొత్త రకాల డెంగీ వైరస్‌లను కనుగొన్నాడు. ముందు తెలిసిన రెండు, ఈ రెండు, మొత్తం నాలుగు. ఈ నాలుగు అనే అంకె జ్ఞాపకం ఉంచుకోండి, మళ్ళీ దీని అవసరం వస్తుంది.

1958లో బ్యాంకాక్ వంతు. ఒక్క ఏడాదిలో రెండువేలకు పైగా పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు. నూటికి పదిమందికి పైగా చనిపోయారు. పేరే రక్తస్రావ జ్వరం కనుక వైద్యులకు రక్తం కారడమే కనిపించింది. రక్తం పోతున్నది, కనుక రక్తం ఎక్కించాలి. ఇది ఎవరికైనా తోచే మాటే. రక్తపోటు పెంచే మందులు ఇచ్చారు, స్టీరాయిడ్లు ఇచ్చారు. పిల్లలు పోతూనే ఉన్నారు.

ఇంతకీ ఆనాటి ఆసుపత్రి చేతిలో ఉన్న సాధనాలేమిటి? ఒకటి, ప్లేట్‌లెట్ల లెక్క. ఈ సూక్ష్మమైన కణాలు రక్తం గడ్డకట్టడానికి పనికివస్తాయని 1882లో ఇటలీలోని టూరిన్ నగరంలో బిజ్జొజెరో అనే ఆచార్యుడు వెల్లడించాడు. వీటిని లెక్కించడమంటే ఆ రోజుల్లో పెద్ద యాతన. రక్తాన్ని ఒక ద్రావకంతో పలుచనచేసి, సన్నని గళ్ళు గీసిన గాజుపలక మీద పోసి, సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టి ఒక్కొక్కటి ఎంచాలి. ఒకే రక్తాన్ని ఇద్దరు ఎంచితే రెండు లెక్కలు వచ్చినా ఆశ్చర్యం లేదు.

రెండవది హెమటోక్రిట్. దానినే మన కాగితాల మీద పి.సి.వి. అని వేస్తారు. దీని మూలం స్వీడన్‌లో 1890ల నాటిది. 1929లో అమెరికాలో విన్‌ట్రోబ్ దీనికొక సులువైన గాజుగొట్టం తయారుచేశాడు. తరువాత సన్నని కేశనాళికలు వచ్చాయి. వేలి కొన మీద సూదితో పొడిచి, వచ్చిన బొట్టును ఆ సన్నని గొట్టంలోనికి పీల్చి, ఒక చివర మైనం వంటి బంకతో మూసి, గిర్రున తిప్పే యంత్రంలో అయిదు నిమిషాలు తిప్పితే ఎర్రకణాలు అడుగుకు చేరతాయి, పైన లేతపసుపు రంగు నీరు తేలుతుంది. ఆ నీటినే ప్లాస్మా అంటారు. గొట్టం నూరు పాళ్ళు అనుకొంటే అడుగున ఎర్రది ఎన్ని పాళ్ళు ఉన్నదో కొలబద్దతో చూడడమే హెమటోక్రిట్. గొప్ప చదువు అక్కరలేదు, కొలబద్ద చదవడం వస్తే చాలు.

మా తరగతిలో పిల్లలకు దీనిని నేను సాలన్ గిన్నెతో చెప్తాను. పొయ్యి మీద గిన్నె మరచిపోతే సాలన్ చిక్కబడుతుంది. మాంసం పెరిగిందా? లేదు. మసాలా పెరిగిందా? లేదు. నీరు పోయింది, అంతే. మనిషి రక్తంలో హెమటోక్రిట్ 36 నుండి 46 అయ్యిందంటే ఎర్రకణాలు కొత్తగా పుట్టాయని కాదు. నాళాలలో ఉండవలసిన నీరు ఎక్కడికో పోయిందన్నమాట.

ఎక్కడికి పోయిందన్న ప్రశ్నకు జవాబు బ్యాంకాక్‌లోని పిల్లల ఆసుపత్రిలో దొరికింది. ఇప్పుడు దానిని క్వీన్ సిరికిట్ జాతీయ శిశు ఆరోగ్య సంస్థ అంటారు. అక్కడ సుచిత్రా నిమ్మన్నిత్య అనే పిల్లల వైద్యురాలు, 1961లో ఆ నగరానికి వచ్చిన స్కాట్ హాల్‌స్టెడ్ అనే అమెరికా సైనిక వైద్యుడు, కోహెన్ అనే మరొక వైద్యుడు, ఇంకా ఎందరో థాయి వైద్యులు, నర్సులు కలసి 1962 నుండి 1964 వరకు జ్వరంతో చేరిన పిల్లలను శ్రద్ధగా గమనించారు. ఆ రోజుల్లో బ్యాంకాక్‌లో చికున్‌గున్యా కూడా ఉన్నది. పైకి రెండు జ్వరాలూ ఒకలాగే ఉంటాయి. రక్తరసంలోని ప్రతిరక్షకాలను పరీక్షించి ఇది ఫలానా, అది ఫలానా అని విడదీశారు. విడదీసిన తరువాత తేలిందేమంటే, చికున్‌గున్యా పిల్లలు కోలుకొంటున్నారు. చేతులూ కాళ్ళూ చల్లబడి నాడి అందకుండా పోతున్నది డెంగీ పిల్లలకే.

అంతకంటే ముఖ్యమైనది వారి పట్టికలలో కనబడింది. జ్వరం ఎక్కువగా ఉన్న మొదటి మూడు నాలుగు రోజులు పిల్లవాడు అంత ప్రమాదంలో లేడు. జ్వరం దిగే రోజు చుట్టూనే ఆపద. ముందు తెల్లకణాలు తగ్గుతాయి. తరువాత ప్లేట్‌లెట్లు లక్షకు దిగువకు పడతాయి. ఆ వెంటనే, కొన్ని గంటల తేడాలో, హెమటోక్రిట్ పైకి లేస్తుంది. ఎక్స్‌రే తీస్తే కుడిప్రక్క ఊపిరితిత్తి చుట్టూ నీరు కనబడుతుంది. పొట్టలో నీరు చేరుతుంది. అంటే ప్లాస్మా నాళాల గోడలగుండా ఊరి లోపలనే, శరీరం గదులలోకి కారిపోతున్నది. పైకి ఒక్క చుక్క రక్తం కనబడనక్కరలేదు. రక్తస్రావ జ్వరం అనే పేరు అంతవరకు అందరి కళ్ళనూ ప్రక్కదారి పట్టించిందన్నమాట. చాలామంది పిల్లల ప్రాణం తీసింది బయటికి కారిన రక్తం కాదు, లోపల కారిన నీరు.

ఇది తెలిసిన తరువాత చికిత్స తలక్రిందులయింది. రక్తం కాదు, మొదట ఉప్పునీటి సెలైన్ కావాలి. ఎంత కావాలి? దానికి హెమటోక్రిటే తూకపురాయి. గొట్టంలో ఎర్రది పెరుగుతున్నంతవరకు నీరు కారుతున్నట్లే, సెలైన్ వేగం పెంచాలి. తగ్గుతూ, నాడి బలపడుతున్నదంటే వేగం తగ్గించాలి. హెమటోక్రిట్ ఉన్నట్టుండి పడిపోయి, పిల్లవాడు మాత్రం తేరుకోకుంటే అప్పుడు లోపల నిజంగా రక్తం పోతున్నదని అర్థం, అప్పుడు రక్తం ఎక్కించాలి. ఈ కారుడు ఒకటి రెండు రోజులకంటే ఎక్కువ ఉండదు. ఆ తరువాత కారిన నీరంతా తిరిగి నాళాలలోకి వస్తుంది. అప్పుడు కూడా బాటిళ్ళు ఎక్కిస్తూ కూర్చుంటే ఊపిరితిత్తులు నిండి పిల్లవాడు దాహంతో కాదు, వరదతో పోతాడు. కనుక ఆ ఒకటి రెండు రోజులూ మంచం ప్రక్కన మనిషి ఉండాలి, గంట గంటకు నాడి, రక్తపోటు, మూత్రం చూడాలి, కొన్ని గంటలకొకసారి వేలి కొన పొడవాలి. థాయి నర్సులు చేసింది ఇదే. దీనిలో ఖరీదైనది ఏదీ లేదు, నిద్ర తప్ప.

ఈ అనుభవమే ఆధారంగా 1975లో ప్రపంచ ఆరోగ్య సంస్థ డెంగీ రక్తస్రావ జ్వరానికి మార్గదర్శిని వెలువరించింది. ప్లేట్‌లెట్లు లక్ష లేక అంతకు తక్కువ, హెమటోక్రిట్ మామూలుకంటే అయిదవ వంతు పెరుగుదల – ఈ రెండూ కలసి ఉండాలని అందులో నియమం. రెండూ అన్నారు, ఒకటి అనలేదు. 1958లో నూటికి పదిమందికి పైగా పోయిన థాయిలాండులో 1990ల నాటికి ఆ చావులు నూటికి ఒకటి కంటే బాగా తక్కువకు దిగాయి. ఈ మధ్యకాలంలో డెంగీ వైరస్‌ను చంపే మందు ఏదీ రాలేదు. స్టీరాయిడ్లతో లాభముంటుందేమోనని ఇండోనేషియాలో చేసిన పరీక్ష 1982లోనూ, థాయిలాండులో చేసినది 1993లోనూ అచ్చయ్యాయి. చావులు తగ్గలేదని రెండూ చెప్పాయి.

ఇక నాలుగు రకాల సంగతి. ఒక రకం డెంగీ వచ్చిపోయినవాడికి ఆ రకం మళ్ళీ రాదు. కాని వేరే రకం వస్తే మొదటిసారికంటే రెండవసారే ఎక్కువ ప్రమాదమని హాల్‌స్టెడ్ బ్యాంకాక్ లెక్కలనుండి గ్రహించాడు. మొదటి జ్వరం మిగిల్చిన ప్రతిరక్షకాలు కొత్త వైరస్‌ను చంపలేకపోగా, దానిని కణాలలోకి చేయిపట్టి తీసుకొనిపోతాయని ఆయన వాదం. కాపలాదారుడే దొంగకు తలుపు తీసినట్లు. చాలామంది నమ్మలేదు. 1977లో క్యూబా దీవికి మొదటి రకం డెంగీ వచ్చి తేలికగా పోయింది. 1981లో రెండవ రకం వచ్చింది. 3,44,203 మందికి జ్వరం, 158 చావులు, వాటిలో 101 పసివాళ్ళవి. హాల్‌స్టెడ్ చెప్పినదానికి అంతకంటే పెద్ద సాక్ష్యం కావాలా? ఐతే క్యూబా సంగతిలో నాకు ఎక్కువ నచ్చినది వేరు. అక్కడ 1,16,143 మందిని ఆసుపత్రులలో చేర్చుకొన్నారు. వార్డులు చాలకపోతే బడులను వార్డులుగా మార్చారు. ప్రమాదం రాకముందే మనిషి మంచం మీద, పరీక్ష చేసేవారి కళ్ళముందు ఉండాలన్నది వారి పద్ధతి. అన్ని లక్షల జ్వరాలలో చావులు నూటయాభైఎనిమిది దగ్గర ఆగాయంటే కారణం అదే.

సెలైన్ మాటకు మరొక్కటి చేర్చాలి. ఉప్పునీరు చవక కనుక దాని మీద మనకు నమ్మకం తక్కువ. ఖరీదైన డెక్స్‌ట్రాన్, స్టార్చి వంటి ద్రవాలు మేలేమోనని వియత్నాంలోని హోచిమిన్ నగరంలో డెంగీతో షాకులో ఉన్న 512 మంది పిల్లల మీద పరీక్షించి 2005లో ఫలితం ప్రకటించారు. ఒక మోస్తరు షాకులో ఉన్న 383 మందిని పోల్చి చూస్తే మామూలు రింగర్ లాక్టేట్ బాటిలే సరిపోతుందని తేలింది. మొత్తం పిల్లలలో ఒక్కరే చనిపోయారు. అయిదువందల పన్నెండు మందిలో ఒక్కరు! బ్యాంకాక్‌లో 1958 నాటి లెక్కతో పోల్చి చూడండి.

మన దేశానికి వద్దాము. 1963లో కలకత్తాలో రక్తస్రావంతో కూడిన డెంగీ వచ్చింది. 1964లో మన విశాఖపట్నంలో డెంగీ వంటి జ్వరం ఊరంతా వ్యాపించింది. ఆ రోగులను, వారి రక్తాన్ని పరీక్షించి అక్కడి వైద్యులు వ్రాసిన పత్రం 1965లో భారతీయ వైద్య పరిశోధనా పత్రికలో అచ్చయ్యింది. తెలుగునేల మీద ఈ చరిత్ర అంత పాతది. మనకే గుర్తు లేదు. బ్యాంకాక్ పిల్లల ఆసుపత్రిలో ఆ గొప్ప పరిశీలన జరుగుతున్న సంవత్సరాలు, విశాఖలో జ్వరం వచ్చిన సంవత్సరం ఒకటే. ఆ తరువాత 1996లో ఢిల్లీలో 10,252 మంది డెంగీతో ఆసుపత్రులకు చేరగా 423 మంది చనిపోయారు. అంటే నూటికి నలుగురు. థాయిలాండులో ఆనాటికి ఎంతో పైన వ్రాశాను, మళ్ళీ వ్రాయను.

నా ఊహ ఏమిటంటే, ఢిల్లీ తరువాతనే ప్లేట్‌లెట్ అనే మాట మన ఇళ్ళలోకి వచ్చింది. అప్పటికి యంత్రాలు వచ్చేశాయి. కూల్టర్ అనే అమెరికన్ 1953లో పేటెంట్ పొందిన పద్ధతి నానాటికి మెరుగై, గాజుపలక మీద కళ్ళు కాయలు కాచేలా ఎంచే పని తప్పి, ఒక బొట్టు రక్తానికి ఇరవై అంకెలు అచ్చువేసి ఇచ్చే యంత్రం చిన్న పట్టణాల లాబొరేటరీలకు కూడా చేరింది. ఇరవై అంకెలలో మనిషి ఒకదానినే పట్టుకొంటాడు, అది కూడా పెద్ద అంకెనే. లక్షన్నర ముప్ఫైవేలు అయ్యిందంటే గుండె ఝల్లుమంటుంది. ముప్ఫైయారు నలభైయారు అయ్యిందంటే ఎవరికి భయం? పైగా పెరిగింది కదా, మంచిదే కాబోలు అనుకొంటాము. మా ఇంట్లోనే అన్నారు ఈ మాట.

ప్లేట్‌లెట్లను చులకన చేయడం నా ఉద్దేశం కాదు. అవి పడిపోవడం ఒక గంట మ్రోత. ఆపద ఘడియ దగ్గరపడిందని చెప్పే మ్రోత. కాని మ్రోగే గంటను పట్టుకొని ఆపితే ఆపద ఆగదు. 2017లో అచ్చయిన ఒక పరీక్షలో సింగపూర్, మలేషియా ఆసుపత్రులలో, ప్లేట్‌లెట్లు ఇరవైవేలు, అంతకు తక్కువ ఉండి రక్తం కారని 372 మంది పెద్దవాళ్ళను రెండు భాగాలు చేసి, ఒక భాగానికి ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించి, రెండవ భాగానికి ఎక్కించకుండా చూచారు. వారం లోపల రక్తం కారినవారు ఎక్కించినవారిలో నూటికి 21, ఎక్కించనివారిలో నూటికి 26. ఈ తేడా లెక్కకు నిలిచేది కాదని పరిశోధకులే తేల్చారు. ఎక్కించడం వల్ల కలిగిన దుష్ఫలితాలు ఒకవైపు 13 మందిలో, రెండవవైపు ఇద్దరిలోనే. నిజంగా రక్తం ధారగా పోతున్నవారికి ప్లేట్‌లెట్లు అవసరమే. దానికి మన పుస్తకంలోని దాతలు ఎప్పుడూ కావలసినవారే. అంకె చూచి మాత్రమే ఎక్కించడం వేరు. బొప్పాయి ఆకు రసం సంగతి కూడా అడుగుతారు నన్ను. కొన్ని పరీక్షలలో ప్లేట్‌లెట్లు కాస్త త్వరగా పెరిగినట్లు చూపారు. దానివల్ల ప్రాణం దక్కిందని చూపినవారు లేరు. చేదు రసం త్రాగించి వాంతులు చేయిస్తే ఒంట్లో ఉన్న నీరు కూడా పోతుందని మాత్రం నాకు భయం.

2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సూచనలు మళ్ళీ వ్రాసినప్పుడు ప్రమాద చిహ్నాలను ఒకచోట చేర్చింది: విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళనుండో ముక్కునుండో రక్తం, ఒంట్లో నీరు చేరడం, మగత లేక కుదురులేనితనం, కాలేయం ఉబ్బడం, హెమటోక్రిట్ పెరుగుతూ అదే సమయంలో ప్లేట్‌లెట్లు వేగంగా పడడం. చివరిదానిని మళ్ళీ చదవండి. రెండు వరుసలు కలిపి చదవమని 1975లో చెప్పినదే అది.

ఆ అమ్మాయి కాగితాల మీద రెండు వరుసలూ ఉన్నాయి. 36 నుండి 46 అంటే నాలుగవ వంతుకు మించిన పెరుగుదల. జ్వరం దిగిన రోజునుండే పెరుగుతున్నది. కడుపునొప్పి అని ఏడ్చిందని, నీళ్ళు కూడా నిలవలేదని, చేతులు చల్లగా ఉంటే వాళ్ళమ్మ దుప్పటి కప్పి అరచేతులు రుద్దిందని తండ్రి తరువాత చెప్పాడు. ఆ రెండు రాత్రులూ ఆయన దాతల కోసం ఊరంతా ఆటో తిప్పాడు. ఎవరి తప్పు అని తేల్చడానికి నేను వైద్యుణ్ణీ కాను, కాజీనీ కాను. ఆ వార్డులో ఎంతమంది రోగులున్నారో, నర్సులు ఎందరున్నారో, సెలైన్ ఎంత పోయిందో ఆ కాగితాల మీద లేదు. సకాలంలో చూచి ఉంటే తప్పక బ్రతికేదని కూడా నేను అనలేను. డెంగీ అన్నీ చూచుకొన్నా ఒక్కొక్కరిని తీసుకొనిపోతుంది. హోచిమిన్ నగరంలో పోయిన ఆ ఒక్క బిడ్డకు కూడా తండ్రి ఉన్నాడు.

పోయిన రంజాన్‌కు ముందు ఒక సాయంత్రం ఆయనను పిలిచి ఇదంతా చెప్పాను. సాలన్ గిన్నె పోలికతోనే చెప్పాను. ఆయన చదువుకోలేదుగాని లెక్క బాగా వచ్చు, మీటరు చూచి బ్రతికే మనిషి. కాగితాలు తీసుకొని పి.సి.వి. వరుస మీద వ్రేలు పెట్టి, ముప్ఫైయారు, నలభైయొకటి, నలభైయారు అని పైకి చదివాడు. చాలాసేపు మాట్లాడలేదు. "ఈ వరుస నాకు ఎవరూ చదివి చెప్పలేదు మాస్టర్ సాబ్. ఎర్ర సున్నా ఉన్నదే చెప్పినారు" అన్నాడు. తరువాత మన సొసైటీ కార్యాలయానికి పోయి రక్తదాతల పుస్తకంలో తన పేరు వ్రాయించుకొన్నాడు. పేరు వ్రాసుకొన్న కుర్రవాడిని, దాతల కోసం ఫోను చేసేవాళ్ళను పి.సి.వి. ఎంత, నిన్న ఎంత అని కూడా అడగమని చెప్పివచ్చాడట. ఇప్పుడు ఆ పుస్తకంలో ప్లేట్‌లెట్ల గడి ప్రక్కన చేత్తో గీసిన ఇంకొక గడి ఉన్నది. ఈ వానకాలంలో అందులో అంకెలు పడ్డాయి, నేను చూచాను. కొన్నిచోట్ల ఖాళీగానే ఉన్నది.